వెనక వచ్చేవారి కళ్లతో

నాకూ, నాలాంటి ఎందరో ఆడవాళ్లకూ కారు నేర్పిన అక్క మొన్న గుండెపోటుతో పోయింది. ఫోనులో ఆ మాట విని ఆఫీసు మెట్ల మీది నుంచే మా ఆయనకు చెప్పాను.

ఆమె దగ్గరికి నేను సరదాకి వెళ్లలేదు. గచ్చిబౌలిలో ఒక మలుపు దగ్గర ఎవరో లైట్లు కూడా వేయకుండా వదిలేసిన నీళ్ల ట్యాంకరును మా ఆయన బైకు గుద్దుకుంది. కాలు నుజ్జయింది. ఆయన్ని ఆసుపత్రికి తిప్పాలంటే ఇక నేనే కారు తీయాలి. నాకేమో స్టీరింగు పట్టుకోవాలంటేనే భయం.

మొదటి రోజు అక్క నన్ను బండి నడపనివ్వలేదు. పుప్పాలగూడలో తనే రోడ్డు పక్కన ఆపి, నన్ను దింపింది.

"ఎనకకు నడువు చెల్లె. ఇగ ఇప్పుడు తిరిగి చూడు. ఎనకొచ్చేటోని కండ్లకు నీ బండి కనవడ్తదా? ఆనికి పోనీకి తొవ్వ ఉందా?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆ ట్యాంకరు డ్రైవరు ఒక్కసారి ఇలా దిగి చూసి ఉంటే! అక్క నా వీపు నిమిరింది. "ఆడు చూడలే. నువ్వు చూస్తవు గద, ఏడ్వకు."

ప్రతి పాఠం చివర అదే పని. మండుటెండలోనూ వదిలేది కాదు. విసుక్కుంటే నవ్వేది. "నలుగురికి ప్రమాదమయ్యేటట్టు బండి ఇడిసిపెడితే నేరమని చట్టంల ఉంది. మనం దిగినంత మాత్రాన జిమ్మేదారి పోదు."

ఒకసారి ఓ ఐటీ ఆఫీసు ముందు మలుపులోనే కారాపి ఒకతను చాయ్ తాగుతున్నాడు. "రెండు నిమిషాలే అక్కా" అన్నాడు.

"గుద్దుడుకు అంత సేపు పట్టది తమ్మీ. జర ముంగటికి తీయి, నీ చాయ్ నేను పట్టుకుంట."

అతను కారు తీసి వచ్చేదాకా ఆ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె కోపమంటే అంతే.

ఆమె చలవ వల్లే మా ఆయన్ని ఒక్క వారమూ తప్పకుండా ఆసుపత్రికి తీసుకెళ్లగలిగాను. ఇప్పుడాయన కర్ర సాయంతో నడుస్తున్నారు.

అక్క ఇల్లు చందానగర్‌లో. చివరి చూపుకి ఇద్దరం వెళ్లేసరికి సందు మొదట్లో కార్లు ఆగుతున్నాయి. దిగుతున్నవాళ్లంతా ఆమె దగ్గర నేర్చుకున్న ఆడవాళ్లే. ఎవరూ తిన్నగా ఇంట్లోకి పోవడం లేదు. పూలదండ చేత పట్టుకునే వెనక్కి నడిచి, తిరిగి తమ బండిని చూసుకుంటున్నారు. ఒకావిడ కళ్లు తుడుచుకుని మళ్లీ ఎక్కి, కారును గోడవారకు జరిపింది.

నేనూ వెనక్కి నడిచాను. మా ఆయన కర్ర ఊతంగా వచ్చి నా పక్కన నిలబడ్డారు. మా కారు వైపు చాలాసేపు చూశారు.

"కనిపిస్తోంది. దారి కూడా ఉంది" అన్నారు.

అప్పుడు లోపలికి వెళ్లాం.