ఫిడెల్ వంతు

మొన్న శనివారం ఇక్కడ అమెరికాలో, ఫ్రీమాంట్‌లో మా ఇంటి దగ్గరున్న ఫిలిప్పీనో బేకరీ తలుపు తీశానో లేదో, కొబ్బరిపాలల్లో జిగురు బియ్యమూ బెల్లమూ కలిసి ఉడికే వాసన ముక్కుకు తగిలింది. ఎవరికైనా నోరూరే వాసనే. నాకు మాత్రం ముప్పయ్యేళ్ళుగా అది తగిలినప్పుడల్లా ఒక కిటికీ గుర్తొస్తుంది.

నా చిన్నప్పుడు అమ్మా నాన్నా ఆఫీసుల నుంచి పొద్దుపోయాక గానీ వచ్చేవారు కారు గనక, స్కూల్ బస్ దిగి నేను తిన్నగా పక్కింటికి పోయేదాన్ని. ఆ ఇల్లు ఫిలిప్పీనో నర్సు నీటా ఆంటీది. ఆవిడ నాన్నను మేమందరం లోలో అనేవాళ్ళం, వాళ్ళ భాషలో తాత అని. ఆయన పెరట్లో మునగచెట్టూ కంచె మీద కాకరపాదూ ఉండేవి, మునక్కాడలు కనపడగానే మా అమ్మ ఇంగ్లీషు మర్చిపోయి తెలుగులో మాట్లాడేసేది, ఆయన తల ఊపుతూ కోసిచ్చేవాడు. వానలు పట్టిన రోజుల్లో గుంటలు తవ్విన పొడుగాటి చెక్క ముందేసుకుని నాతో గవ్వలాట ఆడేవాడు, అచ్చంగా మన వామనగుంటలే. నేను తొండి చేస్తే తెలిసీ తెలియనట్టే ఊరుకునేవాడు. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని, గుమ్మంలో కుర్చీ వేసుకుని టపా కోసం కూర్చునేవాడు.

ఆ టపా సంగతి నాకు తెలుసు, ఆయన ఎవరొచ్చినా చెప్పేవాడు మరి. వాళ్ళ దేశాన్ని అమెరికా ఏలుతున్న రోజుల్లో ఆయనా తమ్ముడు ఫిడెలూ బడిలో ఈ జెండాకే సెల్యూట్ కొట్టి పెరిగారట. రెండో ప్రపంచ యుద్ధం రాగానే ఈ జెండా కిందే సైన్యంలో చేరారట. బతాన్ అనే చోట వీళ్ళ దళాలు లొంగిపోయాక జపాన్ సైన్యం వేలమందిని ఎండలో, తిండీ నీళ్ళూ లేకుండా రోజుల తరబడి నడిపించింది. ఫిడెల్ ఆ నడకలోనే పోయాడు. ఇంతా చేస్తే, యుద్ధం ముగిసి వాళ్ళ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, మీరు చేసింది మా సైన్యంలో కొలువు కిందికి రాదు పొమ్మంది అమెరికా. మొహం ఎలా చెల్లిందో! లోలోకి పళ్ళూడాక పౌరసత్వం ఇచ్చింది. ఆయనకు కావలసింది అది కాదు, ఫిడెల్ సైనికుడే అని ఒక్క కాగితం, దానికోసం ప్రభుత్వానికి రాస్తూనే ఉండేవాడు. తన కళ్ళు మూతపడేలోగా రావాలి. జపాన్ వాళ్ళు ఇళ్ళు సోదా చేస్తున్నారని తెలిసి వాళ్ళమ్మ కొడుకులిద్దరి కాగితాలూ పొయ్యిలో పెట్టేసింది, బతికి ఉన్నవాళ్ళను కాపాడుకోవాలి గనక. ఇక రుజువెక్కడిది?

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఒకరోజు, ఆ ఉత్తరం వచ్చింది. ఏ జాబితాలోనూ ఆ పేరు లేదనీ, ఇక రాయవద్దనీ. లోలో దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, వంటింట్లోకి పోయి పండగా పబ్బమూ ఏం లేకుండానే ఆ బెల్లం అన్నం వండాడు. గంటసేపు తిప్పుతూనే ఉన్నాడు. ముక్కలు కోసి, మొదటి ప్లేట్ కిటికీలో పెట్టి, కళ్ళు మూసుకుని ఏదో అనుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. అది ఎవరికో తెలియడానికి అక్కడ ఫోటో అయినా లేదు.

మా ఇంట్లో దేవుడి ముందు పెట్టింది కాసేపాగి అందరం తినాల్సిందే, లేకపోతే అమ్మ ఒప్పుకోదు. నేనూ కాసేపాగాను, బుద్ధిగా దండం పెట్టుకున్నాను, తినేశాను. అబ్బ, ఎంత బావుందో! ఆయన లోపలికి వచ్చేసరికి ఒక్క ముక్క మిగిలింది. అది కళ్ళకద్దుకుని ఆయన చేతిలో పెట్టబోయాను.

"ప్రసాదం లోలో, మీకోసం ఉంచాను."

ఆయన మొహం చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. తిట్టలేదు. మెల్లిగా కూలబడ్డాడు. ఇంగ్లీషులో చెప్పాడు, నాకు గుర్తున్నది మాత్రం ఇలాగే.

"దారి పక్కన ఆడవాళ్ళు అరిటాకులో అన్నం చుట్టి మా మీదికి విసిరేవాళ్ళు. తుపాకీ మడమలతో కొడుతున్నా విసిరేవాళ్ళు. ఒక పొట్లం నా చేతిలో పడింది. ఫిడెల్‌కి జ్వరం, నా భుజం మీద నిద్రపోయాడు. సగం వాడిది. లేచాక పెడదాం, లేచాక పెడదాం అనుకుంటూ మొత్తం తినేశాను. లేచి, ఏమన్నా దొరికిందా అన్నా అని అడిగాడు."

నా చేతిలోని ముక్క తీసి ప్లేట్‌లో పెట్టాడు.

"లేదన్నాను."

మర్నాడు మధ్యాహ్నానికి ఫిడెల్ లేడు. ఆ మాట చెప్పి, ఇది నీటాకు తెలియదు, చెప్పకు అన్నాడు. లేచి ఇంకో ప్లేట్‌లో ముక్కలు వేసి, నా చెయ్యి పట్టుకుని నాచేతే కిటికీలో పెట్టించాడు. ఇంటికొచ్చి, ప్లేట్ తిన్న సంగతి మాత్రమే అమ్మతో చెప్పాను.

"అది నైవేద్యం కాదే పిచ్చిమొహమా, పోయినవాళ్ళకి పెట్టుకున్నది," అని అమ్మ నెత్తి కొట్టుకుని నాకు తలంటు పోసింది. మర్నాడు రవ్వలడ్డూలు పట్టుకెళ్ళి క్షమించమని అడిగింది. వాటిలో మొదటిది కూడా కిటికీలోకే వెళ్ళింది.

మరో రెండేళ్ళకు లోలో పోయాడు. కాగితం రాలేదు. నీటా ఆంటీ ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోయింది, కొన్నవాళ్ళు మునగచెట్టు కొట్టించి పెరడంతా కాంక్రీట్ చేశారు. పోయినేడు ఆంటీ కూడా కన్నుమూసింది. లోలోకిచ్చిన మాట ప్రకారం ఆవిడకు నేనేమీ చెప్పలేదు.

బేకరీలో పెద్ద డబ్బానే కొన్నాను. ఇంటికొచ్చి మొదటి ముక్కలు ప్లేట్‌లో వేసి కిటికీలో పెట్టి, ఏ జాబితాలోనూ లేని ఆ పేరు పైకే అన్నాను. అన్నాక ఏం చేయాలో తోచక అక్కడే నిలబడ్డాను. ఫిడెల్ వంతు తిన్నవాళ్ళలో ఇక మిగిలింది నేనొక్కదాన్నే.