నొప్పి తొమ్మిది, అడ్డం సున్నా

క్యాన్సర్ రోగుల నొప్పిని కొలిచే ఇంగ్లీషు ప్రశ్నలను తెలుగులోకి తెచ్చాం. అవి మనవాళ్లకి సరిగ్గా అర్థమవుతున్నాయో లేదో చూడటానికి అనకాపల్లిలో రోగులను అడుగుతున్నాను. ఈ రోజు రాంబిల్లిలో చేపలమ్మే ఒక పెద్దావిడ వచ్చింది. నొప్పి ఎంత అంటే పదికి తొమ్మిది అంది. అది మీ పనికి ఎంత అడ్డం వచ్చిందంటే సున్నా అంది.

ఫోన్ స్పీకర్లో వింటున్న మా పరిశోధన సారు విసుక్కున్నారు. "ఆవిడకి అర్థం కాలేదు. ఆ జవాబులు తీసెయ్యండి."

పెద్దావిడ ఊరుకోలేదు. "అర్థం కాకపోడమేటి బాబూ? నొప్పి తొమ్మిదే. అయినా బుట్ట దించనేదు. మరి అడ్డమెక్కడొచ్చింది?"

సారు మళ్లీ తీసెయ్యమన్నారు. తీసేస్తే ఆవిడ నొప్పి మా లెక్కలో ఎక్కడా ఉండదు. నాకు ఒళ్లు మండింది.

"కావాలంటే ప్రశ్న తిరగరాద్దాం సార్. ఆవిడ జవాబు మాత్రం తియ్యను" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశారు. రేపు అక్షింతలు తప్పవు, పడనివ్వండి.

ఇలా నొప్పితోనే పనికి వెళ్లేవాళ్లు మీ ఇళ్లలోనూ ఉంటారు. ఆ నొప్పిని ఎంత ఓర్చుకుని పని చేస్తున్నారో వాళ్లని ఏ మాటతో అడగాలి? మంచి తెలుగులో చెప్పండి. పట్టుకెళ్లి సారు బల్ల మీద పెడతాను.