మా ఆయన కొన్న బండి, నేను చూసిన సముద్రం

మా ఆయన లడఖ్ వెళ్లడానికి మోటార్‌సైకిల్ కొని మూడేళ్లయింది. ఆ మూడేళ్లలో ఆయన చేతిలో బండి పక్కనున్న నస్రుల్లాబాద్ దాటి పోలేదు. ఆయన మాత్రం రోజూ ఫోన్‌లో వీడియోలు చూస్తూ, సోఫాలోంచి కదలకుండా హిమాలయాలు ఎక్కి దిగేవాడు. ఒంటరిగా తిరిగే రైడర్లు ఎంత తక్కువలో గడుపుతారో, ఏ టెంటు ఎంత బరువుంటుందో, బాన్సువాడలో ఆయనంత తెలిసినవాడు లేడు. టెంటు కొన్నాడు. మోకాళ్లకు తొడుగులు కొన్నాడు. అరచేతిలో పట్టే గ్యాస్ పొయ్యి కొన్నాడు. పొదుపుగా తిరగడానికి ఇంత ఖర్చవుతుందని నాకు అప్పుడే తెలిసింది.

నేను సర్కారు బడిలో టీచర్ని. పెళ్లికి ముందు మా నాన్న మోటార్‌సైకిల్ మీద పొలానికి ఎరువు బస్తాలు మోసినదాన్ని. పోయిన దసరా సెలవులకు ఆయన నడుము పట్టేసిందని, ప్రయాణం వచ్చే ఏడాదికి వాయిదా వేశాడు.

"అయితే నేను పోత. లడఖ్ గాదు, కొంకణ్ దిక్కు సముద్రం జూసొస్త," అన్నాను.

ఆయన పకపకా నవ్వాడు. "నువ్వా? ఒక్కదానివా? టెంట్ ఎట్ల ఏస్తరో ఎర్కేనా?"

"నీకెర్కేనా?"

ఆయన ఫోన్‌లో టెంటు వీడియో వెతకడం మొదలుపెట్టాడు.

పొద్దున ఆరింటికి బయలుదేరాలనుకున్నాను. బతుకమ్మ పూట ఇల్లు దాటడమేమిటని మా అత్తమ్మ అలిగింది. ఎదురింటి అక్క, "పిల్లలకు అన్నమెవలు పెడ్తరు?" అని బాధపడింది. పిల్లలు ఇంటర్ చదువుతున్నారు. వాళ్ల నాన్నకు రెండు చేతులూ ఉన్నాయి. ఆ సంగతి ఆమెకు తోచలేదు. మా ఆయనేమో బండి మీద సామాను ఎలా కట్టాలో గంటసేపు చెప్పి, తాడు తీసి నా చేతికే ఇచ్చాడు. నేను గేటు దాటేసరికి రెండయింది.

వీడియోల్లో మహానుభావులు రోజుకు అయిదువందల కిలోమీటర్లు పోతారు. నేను ఒక పంక్చరూ ఒక వానా దాటుకుని, మా జిల్లా చివర మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న డోంగ్లి దగ్గరికి చేరాను. మొదటి రోజు యాత్ర అక్కడితో సరి. ఇంకా వెలుతురుండగానే రోడ్డు పక్క చేనులో ఒక ముసలమ్మ కనిపిస్తే, టెంటు వేసుకోనా అని అడిగాను.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "మొగడు కొట్టిండా బిడ్డా?"

"లేదవ్వా."

"తాగుతడా?"

"తాగడు. సముద్రం జూడవోతున్న."

వ్యవహారం తాననుకున్నదానికంటే ముదిరిందని ఆమెకు అర్థమైంది. కొడుకును పిలిచింది. కొడుకు మరో ఇద్దరు పెద్దమనుషులను పిలిచాడు. ముగ్గురూ మంచం వాల్చుకుని, అప్పటికే రెండుసార్లు కూలిన నా టెంటు ముందు కూర్చున్నారు. తమలో తాము మరాఠీలో మాట్లాడుకుని, నాతో తెలుగులోకి దిగారు. "ఎంత లొల్లయినా సంసారం ఇడిసిపెట్టొద్దమ్మా," అన్నాడు తలపాగా ఆయన. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను గానీ, ఒక్క పూటలో అన్ని పాఠాలు ఎన్నడూ వినలేదు. మా ఆయన నంబరిస్తే తప్ప లేచేలా లేరు. ఇచ్చాను.

స్పీకర్ పెట్టారు. మా ఆయన అంతా విని, గొంతు సవరించుకున్నాడు. "అన్నా, ఫికర్ జెయ్యకుండ్రి. నేనే పంపిన. బండి నేనే నేర్పిన. టెంటేసుడు గూడ నేనే నేర్పిన."

పెద్దమనుషుల మొహాలు విచ్చుకున్నాయి. "గట్ల జెప్పాలె గదమ్మా, ఆయనే పంపిండని!" అన్నారు. నేనొచ్చానంటే తప్పు, ఆయన పంపాడంటే ముచ్చట. నాకు ఒళ్లు మండింది. ఫోన్ అందుకున్నాను.

"టెంటు ఎట్ల ఏస్తరో జెర మల్ల జెప్పు. పెద్దమనుషులు ఇంటుండ్రు."

"అలో... అలో... సిగ్నల్ లేదే..." అంటూ ఫోన్ పెట్టేశాడు.

ముందుగా ముసలమ్మే నవ్వింది. కొంగు బిగించి వచ్చి, రాయితో నాలుగు మేకులు దిగ్గొట్టి, తాళ్లు లాగి ముడేసింది. "గిదేమన్న ఇద్దెనా? కల్లంల వడ్లు తడ్వకుండ పట్టాలు కట్టలేదా?" అంది. టెంటు నిలబడింది. జొన్నరొట్టె, పచ్చిమిరప నూరుడు తెచ్చి పెట్టి నా పక్కన కూర్చుంది. "నేను గీ పక్కనున్న దేగ్లూరు సంతకు గూడ ఒక్కదాన్నే పోలే బిడ్డా," అంది. అందులో జాలీ లేదు, దిగులూ లేదు. నేను రొట్టె తుంచి సగం ఆమె చేతిలో పెట్టాను.

సముద్రం చేరడానికి ఇంకా నాలుగు రోజులు పట్టింది. కొండలు దిగే ఘాట్ రోడ్డులో వానకు జారి పడ్డాను. మోచేయి చెక్కుకుపోయింది. బండి లేపలేక, దాని పక్కనే బురదలో కూర్చుని ఏడ్చాను. చాయ్ కొట్టు నడిపే ఇద్దరు ఆడవాళ్లు వచ్చి లేపారు. ఎవరు పంపారని వాళ్లు అడగలేదు. మర్నాడు సముద్రం ముందు రెండు గంటలు నిలబడ్డాను. అంత నీళ్లు, అంత చప్పుడు. నన్ను ఏమీ అడిగేవాళ్లు లేరు.

తిరిగొచ్చిన వారానికి, బస్టాండ్ దగ్గర హోటల్లో మా ఆయన నలుగురికి చెబుతుంటే విన్నాను. "మేం పోయినప్పుడు ఘాట్‌ల వాన దంచింది..."

"మేమేంది?" అన్నాను.

"బండి నాది గద!"

అది నిజమే. అందుకే పోయిన నెల ఆయన్ని ఆర్టీఓ ఆఫీసుకు తీసుకెళ్లి, బండి కాగితాలు నా పేరు మీదికి మార్పించాను. ఎక్కువ గొడవ చేయలేదు పాపం. సంతకం పెడుతూనే, వరసలో వెనక నిలబడ్డ మనిషికి కొండల మీద టైర్లలో గాలి ఎంత ఉండాలో వివరిస్తున్నాడు.