మాట మధ్యలో ఊపిరి

వాళ్ళకది వేసవి. మాకు జూలై తుంపర. బట్టలు ఆరక బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని మా ఇంట్లో కుర్చీలన్నిటి మీదా దుప్పట్లే. అలాంటి రోజుల్లో విదేశం నుంచి సువార్త సేవకని వచ్చిన యువబృందంలో ఒక పిల్లను మా ఇంట్లో ఉంచారు. మమ్మల్ని రక్షించడానికి వచ్చిన ఆ పిల్లను మొదటి వారం విరేచనాల నుంచి రక్షించింది మా అమ్మ, మజ్జిగన్నం పెట్టి. ఈ మాట మా సంఘం పాస్టరుగారి ముందే అన్నాను. ఆయనకు నా నోరు అలవాటే.

ఆ పిల్లకు మా చెల్లెలి గది ఇచ్చాం. ఇంకో గది లేదు. చెల్లెలు పోయి రెండేళ్ళయింది. చిన్నప్పటి నుంచి ఉబ్బసం. అయినా ఆనేకల్‌లో మా సంఘం నడిపే చిన్న చర్చిలో పిల్లలకు పాటలు నేర్పింది తనే.

బృందం తిరుగు ప్రయాణానికి ఇంకా కొన్ని రోజులుందనగా, ఒక ఉదయం ఉప్మాకు రవ్వ వేయిస్తున్నాను. పై గదిలోంచి పాట వినిపించింది. ఆ పిల్ల గొంతే, తకారాలన్నీ టకారాలు. రెండో చరణంలో ఒక పొడుగు మాట ఉంది, ఒక్క ఊపిరిలో లాగాలి. పాట ఆ మాట సగంలో ఆగింది. గాలి లోపలికి పీల్చిన చిన్న చప్పుడు. తర్వాత మిగిలిన సగం.

రవ్వ మాడిపోయింది. ఆ మాటను అక్కడ విరిచే మనిషి ఒక్కతే ఉండేది. "మాట మొదలుపెట్టక ముందే ఊపిరి తీసుకోవే, మధ్యలో దాని నడుం విరగ్గొట్టకు" అని నేను పోట్లాడితే, "ఊపిరి నిన్నడిగి వస్తుందా అక్కా?" అనేది.

"నేనే ఇచ్చినాను దాని ఫోను," అంది అమ్మ, నేను అడక్కముందే. "ఈ పిల్ల పాట నేర్చుకోవల్లని అడిగింది. నువ్వేమో పనుండాది అంటివి. పిల్లోళ్ళకు నేర్పేటప్పుడు అది పాడి పెట్టుకున్న పాట అందులోనే ఉండాది కదా."

"రెండేళ్ళుగా ఆ ఫోనుకు చార్జింగు పెడుతున్నావా?"

"పెడ్తే నీకేం పోయె?"

అప్పుడే ఆ పిల్ల మెట్లు దిగి వచ్చింది. ఇంగ్లీషులో అడిగింది: "ఆంటీ, ఆ పాట పాడినావిడ ఎంత బాగా పాడారు! వెళ్ళేలోపు కలవొచ్చా? ఎక్కడుంటారు?"

"నువ్వు పడుకునే గదిలో," అన్నాను.

నెలంతా పరలోకం గురించి చెప్పిన పిల్ల, మెట్ల కమ్మీ పట్టుకుంది. అమ్మ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

మర్నాడు పాస్టరుగారి ఫోను. ఆ పాటే ఆ పిల్ల ఆనేకల్ పిల్లలకు నేర్పిందట.

"అక్కా, ముగింపు సభకు పెద్దలొస్తారు. పిల్లలంతా ఆ మాటను మధ్యలో తెగ్గొడుతున్నారు. మీరొచ్చి సరిచేయాలి."

"అదెవరి పాటో మీకు తెలీదా?"

"తెలుసు కాబట్టే, ఇంకెవర్నీ పిలవలేదక్కా."

వెళ్ళాను. చెల్లెలి సమాధి కార్యక్రమం తర్వాత ఆ చర్చి గడప తొక్కని అమ్మ, పిలవకుండానే కారెక్కింది. చర్చి పక్కనే మరమగ్గాల షెడ్డు. ఆ టకటకలో పిల్లలు వరసగా నిలబడి పాట ఎత్తుకున్నారు. రెండో చరణం వచ్చింది. అంతమంది పిల్లలు ఒకేసారి ఆగి, ఒకేసారి గాలి పీల్చారు. మగ్గాల మోతలో కూడా ఆ చప్పుడు వినిపించింది.

"ఆపండి. మళ్ళీ," అన్నాను. "ఆ మాట ఒక్క ఊపిరిలో..."

"వద్దు మే." వెనక బెంచీ మీంచి అమ్మ. "ఉండనీ."

"తప్పమ్మా అది."

"తప్పే. ఉండనీ."

"వీళ్ళ ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. దాని ఉబ్బసం వీళ్ళకెందుకు?"

"వాళ్ళకెందుకు? నాకు కావల్ల."

ఏ వాదనలోనూ చివరి మాట ఎదుటివాళ్ళకు వదిలే మనిషిని కాను. ఆ రోజు వదిలాను. పాస్టరుగారు పిల్లలకు బిస్కెట్లు పంచడానికి వెళ్ళిపోయారు.

ముగింపు సభలో ఆ పిల్లే ముందు నిలబడి పాడించింది. ఆ మాట దగ్గరికొచ్చేసరికి అమ్మ పెదాలు తెరుచుకున్నాయి. పిల్లలతో పాటే తనూ గాలి పీల్చుకుంది. పెద్దల్లో ఒకాయన తలెత్తి నా వైపు చూశాడు. తిరిగి ఆయన్నే చూస్తూ ఉండిపోయాను.

ఆ పిల్ల వెళ్ళిపోయింది. దుప్పటి చక్కగా మడిచి, దాని మీద ఫోను పెట్టి వెళ్ళింది. గది ఖాళీ అయింది కానీ, పాట ఖాళీ కాలేదు. కొత్తగా చేరిన పిల్లలు పాత పిల్లల్ని చూసి నేర్చుకుంటున్నారు. మా చెల్లెలి ముఖం కూడా ఎరగని పిల్లలు, సరిగ్గా ఆ చోట ఆగుతున్నారు.

అమ్మ ఇప్పుడు ప్రతి ఆదివారం ఆనేకల్ వెళ్ళాల్సిందే. తీసుకెళ్ళేది నేనే. రెండో చరణం దగ్గరికొచ్చేసరికి లేచి బయటికి వెళ్ళిపోతాను. కానీ ఆదివారం మగ్గాలు ఆడవు. బయటికి కూడా వినిపిస్తుంది.