తమ్ముణ్ణి పిలిచే తెడ్డు

లనిపా ఊరి మొగలో, నది సముద్రంలో కలిసే చోట, గుల్లలు ఏరుకునే ఆడవాళ్లు పద్నాలుగు మంది. పాటు తీసి, నీళ్లు వెనక్కి పోయి బురద బయటపడగానే బుట్టలు పట్టుకుని గట్టున నిలబడతారు గానీ, జుమ్రియా దిగేదాకా ఒక్కరూ నీళ్లలో కాలు పెట్టరు. ఆవిడ తన పడవ అంచు మీద తెడ్డుతో మూడుసార్లు కొడుతుంది. "తమ్ముడూ, మేమేరా. పొట్ట కోసం వచ్చాం, నీ జోలికి రాం" అంటుంది. నడుం లోతుదాకా పోయి, వెనక్కి తిరిగి నవ్వుతుంది. అప్పుడు మిగతావాళ్లు దిగుతారు.

ఆ తమ్ముడు మొసలి.

ఊళ్లో ఎవరికీ ఇది వింత కాదు. నలభై ఆరేళ్ల కిందట జుమ్రియా పుట్టినప్పుడు వెనకాలే జానెడు పొడుగున ఇంకొకటి బయటికొచ్చిందనీ, మంత్రసాని చూస్తుండగానే స్తంభాల మీద కట్టిన ఇంటి వెదురు నేల సందులోంచి కింది నీళ్లలోకి జారిపోయిందనీ అందరూ ఎరుగుదురు. నమ్మేవాళ్లు ఎప్పుడూ నమ్ముతారు. నమ్మనివాళ్లు నీళ్లలోకి దిగేటప్పుడు నమ్ముతారు.

ఆ కవల వల్ల జుమ్రియాకి ఊళ్లో పెద్దపీట ఉండేది. పెళ్లిలో మొదటి విస్తరి ఆవిడదే. మొగుడు అంబో తాంగ్ కూడా ఆవిడ మీద గొంతు పెంచేవాడు కాదు. "ఎందుకొచ్చిన గొడవరా బాబూ, మా బావమరిదికి పళ్లెక్కువ" అని అందర్నీ నవ్వించేవాడు.

ఆవిడ తల్లి ఇండో సబ్బే బతికున్న రోజుల్లో ఏడాదికోసారి నైవేద్యం పెట్టేది. నాలుగు రంగుల జిగురన్నం, ఏడు గుడ్లు, తమలపాకులు. అరటిబోదె తెప్ప మీద అన్నీ సర్ది, మొగ దాటి సముద్రంలో చాలా దూరం పడవ నడుపుకుంటూ పోయి, అక్కడ వదిలి వచ్చేది. పొద్దున పోతే మధ్యాహ్నం దాటేది.

"ఇంత దూరం ఎందుకమ్మా, ఇంటి ముందు వదిలితే పోదా?" అని చిన్నప్పుడు జుమ్రియా అడిగింది.

"చుట్టాన్ని గుమ్మందాకా తెచ్చుకోకూడదే. వస్తే పోడు."

ముసలమ్మ మాట అనుకుని జుమ్రియా మర్చిపోయింది.

తర్వాత ఎవరెవరో వచ్చి మడ అడవి కొట్టేసి రొయ్యల చెరువులు తవ్వారు. నాలుగేళ్లు బాగానే నడిచాయి. రొయ్యకి తెల్లమచ్చ తెగులు వచ్చింది, చెరువులు పాడుబడ్డాయి, మడ మాత్రం తిరిగి మొలవలేదు. మగాళ్లు నికెల్ గనులు తవ్వే కొండల్లో పనికి పోయారు. అంబో తాంగ్ కూడా పోయాడు. ఆడవాళ్లకి మిగిలింది ఈ మొగ, ఈ బురద. మొసళ్లకి మిగిలిందీ అదే. ముందు ఒక కుక్క పోయింది. తర్వాత రెండు మేకలు పోయాయి.

తమ్ముడికి ఆకలేస్తోంది అనుకుంది జుమ్రియా. ఏడాదికోసారి పెట్టేది వారానికోసారి చేసింది. అంత దూరం పడవ నడపడానికి మోకాళ్లు సహకరించవు. అందుకని తన ఇంటి మెట్ల చివరి చెక్క మీదే నిలబడి పెట్టడం మొదలెట్టింది. శుక్రవారం సంతలో పారేసే కోడి తలలు, పేగులు బకెట్లో తెచ్చేది. ఇంటి స్తంభం మీద తెడ్డుతో మూడు దెబ్బలు. కాసేపటికి నీళ్ల మీద ఒక దుంగ, దాని మీద రెండు కళ్లు. "చిక్కిపోయావురా" అనేది. అది తిని పోయేది. ఆవిడ కళ్లు తుడుచుకునేది.

సరిగ్గా ఎనిమిది నెలలు ఇలా పెట్టింది.

ఆ తర్వాత ఒక రోజు మొగలో ఎప్పటిలాగే మూడు దెబ్బలు కొట్టింది, దిగింది, నవ్వింది. మస్తాంగ్ ఆవిడకి పదడుగుల అవతల దిగింది. ఇద్దరూ చిన్నప్పట్నుంచీ ఒకే కంచంలో తిన్నవాళ్లు. తడిబట్ట బండ మీద బాదినట్టు ఒక్క చప్పుడయింది. మస్తాంగ్ అరవలేదు. ముక్కుదాకా మునిగి, కళ్లు పెద్దవి చేసి, జుమ్రియా వైపే చూసింది. ఆడవాళ్లంతా బుట్టలతో, రాళ్లతో, నోళ్లతో మీద పడితే అది వదిలింది. ఎడమ మోకాలి కింద ఏమీ మిగల్లేదు.

కారణం వెతకడంలో ఊరికి ఆలస్యం ఉండదు. మస్తాంగ్ నీళ్లలో ఉండి, పెద్దాయన అనకుండా మొసలి అనే పేరు పలికిందన్నారు. కాదు, అది వేరే నదిలోంచి వచ్చిన పరాయి మొసలి అన్నారు. "అవును, మావాడు కాదు" అంది జుమ్రియా కూడా. పట్నం నుంచి జంతువుల ఆఫీసు వాళ్లు వచ్చి, నోరు తెరిచిన మొసలి బొమ్మ బోర్డు పాతి వెళ్లారు.

మొదటి ఇరవై రోజులు ఎవరూ దిగలేదు. చేపా గుల్లా లేకుండా ఉత్త పులుసులో సగ్గుపిండి ముద్ద మింగడం పిల్లలకి విసుగొచ్చింది. ఒక సాయంత్రం నలుగురు ఆడవాళ్లు జుమ్రియా మెట్లెక్కారు. ముందు హానియా, ఊళ్లో ఆవిడంత నోరు ఇంకొకరికి లేదు.

"వదినా, రేపు అమావాస్య పాటు. బురద మైలు దూరం బయటపడుద్ది. నువ్వొక్కసారి దిగితే చాలు."

"నడుం నొప్పిగా ఉందే."

"నడుం మాకూ ఉంది. నువ్వు మొక్కి దిగు, గట్టు మీద కూర్చో. ఏరేది మేమే కదా."

"చూద్దాంలే" అంది జుమ్రియా.

నడుం నొప్పేమీ లేదు. ఆవిడకి భయం. జీవితంలో మొదటిసారి. బిందె ముంచడానికి చివరి మెట్టు దిగితే కాళ్లు చెక్కకి అతుక్కుపోయేవి. ఇంటి కింద నీళ్లు ఎక్కడైనా గుబుక్కుమంటే చేతిలో గరిటె జారేది. కానీ ఎవరితో చెప్పాలి? పద్నాలుగు మంది ధైర్యం ఆవిడ దగ్గర దాచుకున్నారు. ఆవిడ భయపడిందంటే అందరి కొంపా మునిగినట్టే.

వాళ్లు వెళ్లగానే నాలుగు గుడ్లు కొంగున కట్టుకుని మస్తాంగ్ ఇంటికి పోయింది. మస్తాంగ్ వసారాలో చాప మీద ఉంది, మిగిలిన కాలు చాపుకుని.

"గుడ్లు నాకా, మీ తమ్ముడికా?" అంది.

"అట్లా అనకే."

"ఇంకెట్లా అనాలి? చెప్పు." మస్తాంగ్ గొంతు తగ్గించింది. "ఒసే జుం, ఇరవై రోజులుగా నాకు వేరే పనేముంది, అదే తలుచుకుంటున్నా. నువ్వు తెడ్డు కొట్టకముందు అది ఆ ఒడ్డున ఎండకి పడుకుని ఉంది. నేను చూశా. దుంగనుకున్నా. నువ్వు ఒకటి కొట్టావు. రెండు కొట్టావు. మూడోదానికి తల తిప్పి నీళ్లలోకి జారింది."

జుమ్రియా కొంగు ముడి విప్పి గుడ్లు చేతిలోకి తీసుకుంది.

"శుక్రవారం శుక్రవారం నీ మెట్ల కాడ కొట్టే దెబ్బలూ అవే కదే?"

గుడ్లు అక్కడ పెట్టిందో, చేతిలోంచి పడ్డాయో జుమ్రియాకి తెలియదు. ఇంటికి వస్తుంటే తల్లి మాట చెవిలో గింగురుమంది. వస్తే పోడు.

మర్నాడు పొద్దున గట్టు మీద మస్తాంగ్ తప్ప మిగిలిన పదమూడు మంది, పదమూడు బుట్టలు. జుమ్రియా కూతురు ఎర్ని కూడా ఉంది. పందొమ్మిదేళ్ల పిల్ల. నికెల్ ఊళ్లో కేంటీన్ పనికి పోతానని రెండేళ్లుగా పోరుతోంది. గుల్లలమ్మి బస్సుకి కూడబెట్టుకుంటోంది.

"ఇవాళ వద్దు. ఎవరూ దిగొద్దు" అంది జుమ్రియా.

"ఎందుకొద్దు?" అంది హానియా. "మీ తమ్ముడితో మాట్లాడలేదా?"

"వాడు మాటలకి రాడే. చప్పుడుకొస్తాడు. నేనే అలవాటు చేశాను. కోడి పేగులు వేసి..." ఎవరికీ అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా ఎవరికీ లేదు. ఇంట్లో పిల్లలు ఉన్నారు.

"వదినకి భయం పట్టింది" అని ఎవరో గొణిగారు. ఆ మాట గట్టు పొడుగునా పాకింది.

ఎర్నికి తలకొట్టేసినట్టయింది. "మా అమ్మకి పలకకపోతే నాకు పలుకుతాడు. నా మేనమామే కదా, నన్ను తింటాడా?" అంటూ మోకాలి లోతుకి దిగి, అమ్మ పడవలోంచి తెడ్డు లాగి అంచు మీద కొట్టింది.

ఒకటి.

"ఎర్నీ!"

రెండు. మూడు.

ఆవలి ఒడ్డున దుంగ ఒకటి తల తిప్పింది. తర్వాత అక్కడ దుంగ లేదు. నీళ్ల మీద సన్నని గీత మాత్రం, చీలుకుంటూ, తిన్నగా, తొందరేమీ లేకుండా పడవ వైపు వస్తోంది.

జుమ్రియా ఎట్లా దిగిందో ఆవిడకే తెలియదు. కూతురి జుట్టు పట్టి వెనక్కి లాగింది. ఇద్దరూ బురదలో వెల్లకిలా పడ్డారు, పాక్కుంటూ గట్టెక్కారు. పడవ పక్కన నీళ్లు ఉబ్బాయి. పడవంత పొడుగు. అది తల తెచ్చి బురద మీద ఆనించింది. ఎవరి మీదికీ రాలేదు. నోరు తెరిచింది. అట్లాగే ఉంది, గిన్నె ముందు కూర్చున్న కుక్కలాగా, పెట్టేదాకా కదలనన్నట్టు.

పదమూడు మందీ చూశారు. జుమ్రియా వంక ఒకసారి, దాని వంక ఒకసారి. అందరికీ ఇప్పుడు అర్థమయింది.

"వదినా" అంది హానియా, నోరు పెగుల్చుకుని. "ఏమన్నా తెచ్చావా దానికి?"

ఏమీ తేలేదు. చాలాసేపు చూసి అది నోరు మూసుకుంది. వెళ్లిపోలేదు. నీళ్లలోకి సగం జారి ఆగింది.

ఆ రోజు తర్వాత లనిపాలో ఎవరూ దిగలేదు. జుమ్రియా తెడ్డుని గొడ్డలితో నరికి పొయ్యిలో పెట్టింది. ఎర్నిని మర్నాడే బస్సెక్కించింది, పిల్ల ఏడుస్తున్నా వినలేదు. పడవని తెచ్చి ఇంటి కింద స్తంభానికి కట్టేసింది.

ఆ మధ్యాహ్నమే పోటు వచ్చింది. నీళ్లు ఇంటి కిందికి ఎక్కాయి. అన్నం వార్చుతున్న జుమ్రియాకి కాళ్ల కిందనుంచి వినిపించింది. అల తోస్తే పడవ స్తంభానికి తగులుతోంది. టక్. ఆగి, టక్. మళ్లీ టక్.

గిన్నె వదిలేసి, చేతికందిన చీరా దుప్పటీ పట్టుకుని మెట్ల మీదికి పరిగెత్తింది. పడవకీ స్తంభానికీ మధ్య గుడ్డలు కుక్కాలి. దానికి చివరి చెక్క దాకా దిగాలి. ఆ చెక్క మీద అప్పటికే నీళ్లు ఆడుతున్నాయి.