అత్తమ్మ, బుడ్డది, పోపు చప్పుడు

ఇప్పటికీ పోపు వేసేటప్పుడు ఒకసారి కాళ్ల దగ్గర చూసుకుంటాను. మూకుడులో నూనె కాగి, ఆవాలు చిటపటలాడాక కరివేపాకు పడగానే స్స్స్ మని ఒక చప్పుడు లేస్తుంది చూడండి, సరిగ్గా అప్పుడు నా కళ్లు వాటంతటవే నేల మీదికి పోతాయి. హైదరాబాదులో మూడో అంతస్తు ఇల్లు మాది. వంటింట్లో తెల్లటి టైల్స్ తప్ప కింద ఏమీ ఉండదు. అయినా చూస్తాను. మొన్న ఆదివారం ఈ సంగతి మా అమ్మాయి కనిపెట్టింది. కాలేజీ స్నేహితురాలెవరో ఇచ్చిందని ఒక బొమ్మలాంటి కుక్కపిల్లను చేతిసంచిలో పెట్టుకుని తెచ్చింది తను. కుక్కపిల్ల సంచిలో పట్టింది గానీ దాని సామాను మాత్రం పెద్ద అట్టపెట్టెలో వచ్చింది. కింద పరిచే మెత్తలట, అక్కడే ఉచ్చ పోయాలని గుర్తు చేసే స్ప్రే అట. ఫోనులో ఎవరో చెబుతున్న పాఠం వింటూ వంటింటి గుమ్మంలో నిలబడి, "కింద ఏం వెతుకుతున్నవమ్మా?" అని అడిగింది. "మీ అక్కను" అన్నాను. తను మాకు ఒక్కతే కూతురు. ఫోను ఆపేసి నా వైపు చూసింది.

అప్పట్లో మేం వనపర్తిలో ఉండేవాళ్లం. ఇరవై ఏళ్లు దాటింది. మా ఆయనది వ్యవసాయ శాఖలో ఉద్యోగం, వారంలో సగం రోజులు గద్వాల వైపు తిరుగుడే. మాతోపాటు పెద్దమందడి నుంచి వచ్చిన మా అత్తమ్మ. మేం అద్దెకున్నది ఒక పెద్ద వాకిలి చుట్టూ కట్టిన ఇంట్లో. ఇటు పక్క రెండు గదులు మావి. అటు పక్క వరండా, దాని వెనక గదులు ఇంటి యజమానురాలివి. ఆమెను అందరూ ఖాలా, అంటే పిన్ని, అనేవారు, మేమూ అదే అనేవాళ్లం. వాకిలి చివర గోడవారగా ఒక సీతాఫలం చెట్టు. ఖాలా వరండాలో నున్నటి షాబాదు బండలు, వాటి మీద ఆమె నమాజు చాప. ఆ బండలను ఆమె ఎంత రుద్ది కడిగేదంటే, మేము అటు పోవాలంటే చెప్పులే కాదు, కాళ్లు కూడా విడిచి పోవాలేమో అనిపించేది.

మా అత్తమ్మ గురించి ఒక మాట చెప్పాలి. పెద్దమందడిలో ఉన్నన్నాళ్లూ ఆ వాడకట్టు చంటిపిల్లలందరికీ నీళ్లు పోసింది ఆమే. కాళ్లు చాపుకుని కూర్చుని, పసిబిడ్డను ఆ కాళ్ల మీద బోర్లా వేసుకుని, వేడినీళ్లు చెయ్యి పెట్టి చూసి పోసేది. పిల్ల ఎంత ఏడ్చినా ఆమె తొందరపడేది కాదట. అలాంటి మనిషి వనపర్తిలో పొద్దున పూట ఎండలో కాళ్లు చాపుకుని కూర్చుంటే, ఆ కాళ్ల మీద ఏమీ లేకపోవడం నాకు కొట్టొచ్చినట్టు కనిపించేది. మాకు పెళ్లయి కొన్నేళ్లయినా పిల్లలు లేరు. చుట్టాలంతా అడిగేవారు, డాక్టర్ల పేర్లు చెప్పేవారు, మొక్కులు చెప్పేవారు. అత్తమ్మ మాత్రం ఒక్కనాడూ అడగలేదు. ఆమె అడగకపోవడమే నాకు కష్టంగా ఉండేది.

ఆ పరిస్థితిలో, దసరా దాటాక ఒక సాయంత్రం, మా ఆయన గద్వాల నుంచి టిఫిన్ సంచితో వచ్చారు. సంచి అడుగున తడి. "ఇటిక్యాల దాటంగనే ఒకసారి, పెబ్బేరుల ఒకసారి పోసింది" అన్నారు, ఏదో ఘనకార్యం చెబుతున్నట్టు. లోపల చేయి పెట్టి తీస్తే, గుప్పెడు దూది. దూదికి రెండు నల్ల కళ్లు. పామేరియన్ పిల్లట, అందులోనూ మరీ చిన్న రకమట, స్నేహితుడి ఇంట్లో పుట్టిందట. నాకు తోడుగా ఉంటుందని తెచ్చారు పాపం. వాకిట్లో కూర్చున్న అత్తమ్మ దాన్ని పైకీ కిందికీ చూసి, అటు వరండాలో ఉన్న ఖాలాతో అంది: "మనవడో మనవరాలో వస్తదని నేను జూస్తుంటే, మావోడు కుక్కపిల్లను పట్కొచ్చిండు." ఖాలా నవ్వింది. వంటింట్లో నాకు మాత్రం ఆ మాట సూటిగా వచ్చి తగిలింది.

ఖాలా మరునాడు పొద్దునే తన షరతు చెప్పేసింది. "ఉంచుకో బేటీ, నాకు దాని మీద కోపమేం లేదు. గానీ ఈ వరండల ఒక్క చుక్క పడ్డా నాకు నమాజుకు అడ్డం. మళ్ల బండలు కడగాలె, బట్టలు మార్చాలె. ఈ మోకాళ్లతోని నాతోని కాదు. పడ్డదంటే మాత్రం దాన్నన్నా పంపాలె, మీరన్నా వేరే ఇల్లు చూసుకోవాలె." న్యాయమైన మాటే. కానీ దాని కడుపు ఎంతని? ఉసిరికాయంత. అందులో ఏమి నిలుస్తుంది? తాగిన చుక్క తాగినట్టే బయటికి వచ్చేది. మంచం కింద, బియ్యం డబ్బా పక్కన, మా ఆయన ఆఫీసు బూటులో కూడా. తెచ్చిన మనిషి కదా, నేర్పే బాధ్యత కూడా ఆయనే తీసుకున్నారు. మూల మూలకూ పేపరు పరిచారు. అది ఆ పేపరు మీద హాయిగా పడుకుని నిద్రపోయేది, లేచి పక్కన నేల మీద పోసేది. ఆయన దాని ముందు గొంతుక్కూర్చుని "చూడు, ఇక్కడ, ఇక్కడ" అని పేపరు మీద వేలితో కొట్టి చూపిస్తుంటే, అది ఆ వేలితో ఆడుకునేది. నేను నవ్వు ఆపుకోలేక పక్కగదిలోకి పోయేదాన్ని. నవ్వుతూనే భయపడేదాన్ని కూడా, ఎందుకంటే అప్పటికే అది నా కొంగు పట్టుకుని ఇల్లంతా తిరుగుతోంది. అది వెళ్లిపోతే ఇల్లు మళ్లీ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అత్తమ్మ దాన్ని ముట్టుకునేది కాదు. పేరు పెట్టి పిలిచేది కూడా కాదు, "బుడ్డది" అనేది. ఒకనాడు ఆ బుడ్డది పోయి పోయి అత్తమ్మ చాప మీదే పోసింది. అయిపోయింది, ఇక దీనికి నూకలు చెల్లాయి అనుకున్నాను. అత్తమ్మ లేచింది. దాన్ని ఎత్తుకుంది, వాకిట్లోకి పోయింది, పీట వేసుకుని కాళ్లు చాపి, రెండు పాదాలు దగ్గరికి చేర్చి, చంటిపిల్లను కూర్చోబెట్టినట్టే దాన్ని ఆ పాదాల మీద కూర్చోబెట్టింది. కూర్చోబెట్టి, "స్స్స్" అంది. ఎవరి ఇంట్లోనైనా పసిపిల్లలకు చేసే చప్పుడే. అది చెవులు నిక్కబొడుచుకుని ఆమె మొహంలోకి చూసింది. మళ్లీ "స్స్స్". కాసేపటికి అది నిజంగానే పోసేసింది. అత్తమ్మ తలెత్తి నన్ను చూసి, "పెద్దమందడిల ఎంతమందికి చేయించిన, ఇదెంత?" అంది. ఆ వేళ ఆమె మొహంలో కనిపించినంత వెలుగు నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఎన్నడూ చూడలేదు.

ఇక ఆ రోజు నుంచి బుడ్డది అత్తమ్మది. పొద్దున లేవగానే, తిన్నాక, మధ్యాహ్నం కునుకు తీశాక, పాదాల మీద కూర్చోబెట్టడం, చప్పుడు చేయడం. చక్కగా నేర్చుకుంది. అసలు ఇబ్బంది ఏమిటంటే, మరీ చక్కగా నేర్చుకుంది. స్స్స్ అని వినబడితే చాలు, ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని అడగదు. ఎక్కడుంటే అక్కడ కూర్చుని పోసేసేది. నేను పప్పులో పోపు పెడితే వంటింట్లో పోసింది. కుక్కరు ఆవిరి వదిలితే గుమ్మంలో పోసింది. మా ఆయన చొక్కా మీద నీళ్లు చల్లి వేడెక్కిన ఇస్త్రీపెట్టె ఆనిస్తే, ఆ పక్కనే పోసి, మెచ్చుకుంటారేమోనని ఆయన వైపు చూసి తోక ఊపింది. "అమ్మా, నువ్వు నేర్పుడు కాదు గని, మా ప్రాణం తీస్తున్నవ్" అన్నారాయన. "ఓరి, చెప్పిన మాట వింటున్నది గదరా, నువ్వు ఎన్నడన్న విన్నవా?" అంది అత్తమ్మ. నేను మాత్రం పోపు పెట్టే ముందు దాన్ని చంకలో ఇరికించుకుని వాకిట్లోకి పరుగెత్తి, అత్తమ్మకు అప్పజెప్పి మళ్లీ పొయ్యి దగ్గరికి పరుగెత్తేదాన్ని. అప్పటికి ఆవాలు మాడేవి.

ఖాలా వాళ్ల ఉపవాసాల నెల వచ్చింది. ఒక మధ్యాహ్నం బుడ్డది ఎండపొడ వెంట పాకుతూ పాకుతూ పోయి ఖాలా వరండా ఎక్కింది. ఖాలా నమాజు చాప పరవబోతూ చూసింది. చీపురు ఎత్తలేదు, తిట్టలేదు, కోళ్లను తోలినట్టు చెయ్యి ఊపుతూ, "ఉష్ష్... ఉష్ష్ష్..." అంది. ఇంకేముంది? బుడ్డది బుద్ధిగా కూర్చుంది. ఆ నున్నటి బండ మీద, చాపకు జానెడు దూరంలో, చెప్పిన పని చేసింది.

"అల్లా!" అని ఖాలా కేక వినబడింది. నేను పరుగెత్తేసరికి ఆమె రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని నిలబడి ఉంది. బండలు నేను కడిగాను, ఒకటికి మూడుసార్లు కడిగాను. ఆమె అరవలేదు, అందుకే నాకు ఇంకా భయమేసింది. "బేటీ, నేను ముందే చెప్పిన" అంది అంతే. కుక్కపిల్లను గుండెకు అదుముకుని ఏడ్చేశాను, ఆమె ముందే. అప్పుడు అత్తమ్మ వాకిలి దాటి వచ్చింది. అంతవరకూ ఆ ఇద్దరూ అటు ఇటు కూర్చుని మాట్లాడుకోవడమే గానీ, అత్తమ్మ ఆ వరండా మెట్ల దాకా ఎప్పుడూ పోలేదు.

"అక్కా, తప్పు దానిది కాదు, నాది" అంది. "పిల్లలకు చేసినట్టు స్స్స్ అని నేర్పిన. నువ్వు ఉష్ష్ అంటివి. అది పొమ్మనుడు అనుకోలే, పొయ్యమనుడు అనుకున్నది."

ఖాలా ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత ఆమె భుజాలు కదలడం మొదలైంది. నవ్వి, నవ్వి, మెట్టు మీద కూలబడి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అయితే నేనే పోయించిన్నా? అరే, మా ఆరుగురు పిల్లలకు నేను గిట్లనే చేయించిన!" అంది. తన కాళ్లు చాపి, పాదాలు కలిపి చూపించింది కూడా. నవ్వు ఆగాక, మాట మాటే అన్నట్టు వేలు చూపించింది. "పండుగ దాకా చూస్త చెల్లె. పండుగనాడు నా ఇంటికి చుట్టాలొస్తరు. అప్పటిదాకా జాగ నేర్పించు. లేకుంటే పంపాలె."

అత్తమ్మ ఆ పంతం పట్టింది. ఇక ఇంట్లో గానీ గుమ్మం ముందు గానీ ఆ చప్పుడు చేయలేదు. పీట తీసుకుపోయి సీతాఫలం చెట్టు కింద వేసుకుంది. చప్పుడు అక్కడే, ఇంకెక్కడా లేదు. నా పోపు చప్పుడు వినబడబోతోందని నేను కేక వేస్తే, బుడ్డదాన్ని ఎత్తుకుని ఆ చెట్టు కిందికి పరుగు. పని అయ్యాక పొట్టు తీసిన పల్లి ఒకటి నోట్లో పెట్టేది. కొన్నాళ్లకు ఎత్తుకోవడం మానేసి, తను ముందు నడిచేది, అది వెనక ఉరికేది. ఒక పొద్దున నేను బట్టలు ఆరేస్తూ చూశాను. బుడ్డది చెట్టు కింద కూర్చుని ఎంతకీ పోయడం లేదు, పురుగునో ఆకునో చూస్తోంది. అత్తమ్మ చెంప మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. "తొందరేం లేదు బిడ్డా" అంది. "దాని టైముకు అది అయితది. మనం గట్టిగ అడిగితే భయపడ్తది, గంతే." ఆ మాట అంటున్నప్పుడు ఆమె కుక్కపిల్లను చూడటం లేదు, తడిబట్ట చేత్తో పట్టుకుని నిలబడ్డ నన్ను చూస్తోంది. నేను బట్ట విదిలించి తీగ మీద వేశాను. అన్నేళ్లుగా ఆమె అడగకపోవడం ఎందుకో ఆ పొద్దున తెలిసింది. మనసు ఎంత తేలికైందో చెప్పలేను.

పండుగ రానే వచ్చింది. వాకిలంతా కొత్త బట్టలు, అత్తరు వాసన, ఖాలా ఇంటి నిండా చుట్టాలు. మాకు పొద్దునే షీర్ ఖుర్మా, వాళ్ల సేమ్యా పాయసం, వచ్చింది. ఆ సందట్లో బుడ్డది ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు. చూస్తే ఖాలా వరండా అంచున, ముందుకాళ్ల మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. నేను అటు అడుగు వేయబోయానో లేదో, లోపల ఖాలా బగారా అన్నానికి తాళింపు వేసింది. పెద్ద దేగిసాలో, అంత నూనెలో, తడి పుదీనా పడింది. అంత పెద్ద స్స్స్ మా వంటింట్లో ఎన్నడూ పుట్టలేదు. బుడ్డది ఉలిక్కిపడి లేచింది. మా ఆయన నేలగుడ్డ అందుకున్నారు. చేతిలో గరిటెతోనే ఖాలా గుమ్మంలోకి వచ్చింది. బుడ్డది ఆమెను చూసింది, వెనక్కి తిరిగింది, వరండా మీద నుంచి ఒక్క దూకు దూకింది. చుట్టాల చెప్పుల మధ్య నుంచి, పిల్లల కాళ్ల సందుల నుంచి, వాకిలి ఆ చివరికి ఉరికి, సీతాఫలం చెట్టు కింద కూర్చుంది. అయ్యాక పల్లి కోసం అత్తమ్మ వైపు చూసింది. అత్తమ్మ కళ్లల్లో నీళ్లు. ఖాలా గరిటె పైకెత్తి, "పాస్!" అని అరిచింది. ఆ మధ్యాహ్నం బగారా అన్నం మా ఇంటికి ఒక గిన్నెలో, బుడ్డదానికి విడిగా ఎముకలు ఒక గిన్నెలో వచ్చాయి.

ఆ మరుసటి ఏడు సీతాఫలాలు పండే వేళకు మా అమ్మాయి పుట్టింది. ఇంటికి తెచ్చాక ఒక పొద్దున అత్తమ్మ అదే వాకిట్లో, అదే పీట మీద కాళ్లు చాపుకుని, నీళ్లు పోసిన పిల్లను పాదాల మీద పెట్టుకుని "స్స్స్" అంది. పిల్ల కళ్లు తిప్పుతూ ఆకాశం చూస్తోంది. ఎండలో పడుకున్న బుడ్డది మాత్రం లేచింది, ఒళ్లు విరుచుకుంది, చెట్టు కిందికి పోయి పని ముగించుకుని, వచ్చి పల్లి కోసం నిలబడింది. అత్తమ్మ నవ్వు వాకిలి దాటి ఖాలా దాకా పోయింది. "సూడక్కా, పెద్దది విన్నది, చిన్నది వినలే!" అంది. ఆనాటి నుంచి, మా అమ్మాయికి ఊహ తెలిసేలోపే అది పోయేదాకా, మా ఇంట్లో బుడ్డది పెద్దమనవరాలే.

కథంతా విని మా అమ్మాయి, "అయితే పల్లీ ఆ అక్కకు దొరికింది, నాకు దొరకలేదన్నమాట. ఏదీ, చేసి చూపించు" అంది. బాల్కనీలో కుండీల పక్కన పీట వేసుకుని, కాళ్లు చాపి, పాదాలు కలిపి, ఆ కుక్కపిల్లను కూర్చోబెట్టుకున్నాను. "స్స్స్" అన్నాను. అత్తమ్మ పోయి చాలా కాలమైంది. కానీ ఆ చప్పుడు నా నోట ఆమెది వచ్చినట్టే వచ్చింది, చివర చిన్న విరుపుతో సహా. కుక్కపిల్ల నా మొహం చూస్తూ కూర్చుంది తప్ప ఏమీ చేయలేదు. "రావట్లేదు గదమ్మా" అంది అమ్మాయి, ఎక్కడికో పోవాలని ఫోనులో టైము చూసుకుంటూ.

"తొందరేం లేదు బిడ్డా, కూసో" అన్నాను. తను ఫోను పక్కన పెట్టి నా పక్కన కూర్చుంది. వయసు దాటిపోతోంది, కాలం గడిచిపోతోంది అని భయపడుతూ బతికిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ కాలాన్నే పక్కన పీట వేసి కూర్చోబెట్టుకోవచ్చని నాకు చూపించింది మాత్రం, గుప్పెడు కుక్కపిల్లతో సీతాఫలం చెట్టు కింద కూర్చున్న మా అత్తమ్మ.