టెలిటైపు మీద దస్తీ

ఇప్పుడు అద్దాల మేడలు లేచిన చోట, డెబ్భైల చివర్లో మా ఆఫీసు చుట్టూ అన్నీ రాళ్ళు. లోపల "రాయి, రాయి" అంటూ తరిమే ఆఫీసరు. మేం రాసేది ప్రోగ్రాము. అందరిదీ ఒకటే ప్రోగ్రాము: ఫ్యాక్టరీలో ఎవరికి ఏ రోజు ఏ షిఫ్టో అచ్చేసి ఇచ్చేది. కంప్యూటరుతో మాట్లాడడానికి ఉన్నది ఒకటే టెలిటైపు, అంటే కాగితపు చుట్ట తగిలించుకుని లారీలా మోగే టైపు మిషను.

దాని మీద ఒక ఆదేశం కొడితే ప్రోగ్రాము తాలూకు ప్రతి దిద్దుకోడానికి బయటికొచ్చేది. ఇంకో ఆదేశం కొడితే దిద్దిన ప్రతి కొత్త నంబరు వేసుకుని లోపలికెళ్ళేది. పాతదీ ఎక్కడికీ పోదు, దాని నంబరు కొడితే మళ్ళీ వస్తుంది. చిక్కల్లా, ఇద్దరు ఒకేసారి తీసి దిద్దితే ఒకరి దిద్దుబాటు ఇంకొకరి దాంట్లో ఉండేది కాదు. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక ప్రతి, అందులో సరైన ప్రతి ఏదో ఎవరికీ తెలీదు.

దీనికి మందు కనిపెట్టింది పుప్పాలగూడ నుంచి వచ్చే నా సహోద్యోగి. బస్సు కిటికీలోంచి దస్తీ వేసి సీటు పట్టుకుంటాం కదా, అలాగే ప్రోగ్రాము తీసినవాడు టెలిటైపు మీద తన దస్తీ వెయ్యాలి. మా గోదావరి వైపు దాన్నే చేతిరుమాలు అంటాం. అది తీసేదాకా ఇంకెవరూ ముట్టరాదు. అందరం బస్సుల్లో నలిగి వచ్చేవాళ్ళమే కాబట్టి ఈ చట్టాన్ని ఎవరికీ రెండోసారి చెప్పాల్సి రాలేదు.

నా వంతు వారపు సెలవులు లెక్కగట్టే భాగం. అది ఆదివారం కూడా అందరికీ డ్యూటీ వేస్తోంది. సోమవారం ఢిల్లీ నుంచి పెద్దలొచ్చి చూస్తారు, నా ఉద్యోగం పర్మనెంటు అవుతుందో లేదో ఆ రోజే తేలిపోతుంది. శనివారం దిద్దుదామని వెళ్తే టెలిటైపు మీద నీలం గళ్ళ దస్తీ. పుప్పాలగూడ ఆయనది. ఆయనేమో సెలవు.

దస్తీ తీసేయమంటారా అని ఆఫీసరుని అడిగాను. ఆడవాళ్ళ సీట్లో కూర్చోమంటారా అని అడిగినట్టు చూశారాయన. వేసినవాణ్ణి అడిగి రమ్మన్నారు.

సైకిలు అడిగి తీసుకుని రాళ్ళ మధ్య నుంచి పుప్పాలగూడ చేరాను. ఆయన గోడకి సున్నం కొడుతున్నాడు. సంగతి చెప్తే బ్రష్షు ఆపి నన్ను జాలిగా చూశాడు.

"గా దస్తీ నీ కోసమే ఏసిన అన్నా. సోమవారం లోపల ఇంకెవ్వడన్న ముడితే నువ్వు పరేషాన్ అయితవని."

"ఆ మాట నాతో చెప్పొచ్చు కదండీ."

"సీటు ఆపినంక చెప్పుడేంది? నువ్వొచ్చి కూసోవాలె, గంతే."

నేనింకా ఎందుకు నిలబడే ఉన్నానా అని ఆయనకీ అనుమానంగానే ఉందట. సున్నం చేతులతోనే సైకిలు వెనక ఎక్కి వచ్చి, ఆఫీసరు ఎదుట దస్తీ ఎత్తాడు. నేను కూర్చుని, సెలవుల సంగతి దిద్ది, కొత్త నంబరుతో లోపల పెట్టాను.

సోమవారం పెద్దల ముందు టెలిటైపు మోగింది. కాగితం మీద ప్రతి మనిషికీ ఆదివారం సెలవే. సోమవారం సెలవు. మంగళవారం కూడా. వారమంతా, గేటు కాపలావాడితో సహా, ఫ్యాక్టరీకి ఫ్యాక్టరీయే సెలవు. పెట్టె సర్దుకుని ఊరెళ్ళిపోవడం గురించి నేను ఆలోచిస్తున్నాను.

"జర పాత నంబరు కొట్టు అన్నా," అని వెనక నుంచి గొణిగాడు పుప్పాలగూడ ఆయన.

కొట్టాను. పాత ప్రతి వచ్చింది. అందరికీ ఏడు రోజులూ డ్యూటీ. పెద్దల మొహాలు విప్పారాయి. యంత్రాలనీ మనుషుల్నీ ఇంత నిండుగా వాడుకునే పద్ధతి ఎక్కడా చూడలేదని ఒకాయన నా భుజం తట్టారు.

తరవాతి వారం నన్ను పర్మనెంటు చేశారు. ఆ ఆదివారం సంగతి ఇప్పుడైనా దిద్దుతానండీ అన్నాను. ఢిల్లీ వాళ్ళు మెచ్చిన ప్రతిని ముట్టుకుంటే ఊరుకోనన్నారు ఆఫీసరు. ఆ షిఫ్టుల కాగితంలోకి నా పేరూ ఎక్కడంతో, పర్మనెంటు ఉద్యోగిగా నా మొదటి ఆదివారం డ్యూటీలోనే గడిచింది.